నెల్లూరు తీరము - దాని సంపదల చరిత్ర

1786వ సంవత్సర ప్రాంతమున నెల్లూరు సమీపములో ఒక రైతు పొలము దున్నుతూ ఉండగా నాగలికి ఇటుకలు తగిలినవి. త్రవ్వి చూడగా అది ఒక చిన్న దేవాలయపు శిథిలము. దాని క్రింద ఒక కుండ, ఆ కుండలో బంగారు నాణెములు. వాటి మీది బొమ్మలు ఈ దేశపు రాజులవి కావు. ట్రాజను, హాడ్రియను అనే రోమను చక్రవర్తులవి, ఫాస్టినా అనే రాణిది. అనగా అవి క్రీస్తు శకము రెండవ శతాబ్దము నాటివి. చాల నాణెములు కంసాలి కొలిమిలో కరిగిపోయినవి. మిగిలినవాటిని గురించిన వార్త కొద్ది సంవత్సరములకు ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ అనే పత్రికలో ప్రకటింపబడినది.

రోము నగరపు బంగారము సముద్రము దాటి ఈ తీరమునకు ఊరకనే రాలేదు. ఇక్కడ దొరికే వస్తువు ఏదో అక్కడివారికి కావలసి వచ్చినది. అందుచేతనే వచ్చినది. ఆ తరువాతి శతాబ్దములలో కూడ నెల్లూరు తీరమునకు ధనము ఇదే విధముగా వస్తూ పోతూ ఉన్నది. ఒక కాలమున అద్దకపు వేరు, ఒక కాలమున నీలిమందు, ఒక కాలమున అభ్రకము, ఇటీవల రొయ్య. ఈ వస్తువులన్నియు ప్రకృతి ఇచ్చినవే. కాని అవి ఎల్లప్పుడును సంపదలుగా ఉండలేదు. భూమిలోని పదార్థము ఎప్పుడు సంపద అవుతుంది, ఎప్పుడు కాకుండ పోతుంది అనే ప్రశ్నకు ఈ తీరపు చరిత్ర మంచి సమాధానము చెప్పగలదు.

భూస్వరూపము

నెల్లూరు సీమకు పడమట వెలిగొండలు, తూర్పున బంగాళాఖాతము హద్దులు. కొండల పాదమున రాతినేల. దాని తరువాత ఎర్రనేలలు. తరువాత నదులు తెచ్చి పరచిన ఒండ్రు మట్టి. చిట్టచివర ఇసుక దిబ్బలు, ఉప్పు కయ్యలు, సముద్రపు పాయలు. పడమటినుండి తూర్పునకు ఒక పగలు ప్రయాణము చేస్తే ఈ నాలుగు రకముల నేలలును కనబడతవి. పెన్న నది కర్ణాటకమున నంది కొండల ప్రాంతములో పుట్టి, సుమారు 597 కిలోమీటర్లు ప్రవహించి, ఈ జిల్లాలోనే సముద్రములో కలుస్తుంది. దక్షిణమున కండలేరు, స్వర్ణముఖి, కాళంగి అనే చిన్న నదులున్నవి.

వానల విషయములో ఈ తీరమునకు ఒక ప్రత్యేకత ఉన్నది. తెలుగుదేశములో చాల భాగమునకు నైరృతి ఋతుపవనములు ప్రధానము. నెల్లూరునకు మాత్రము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వచ్చే ఈశాన్యపు వానలు ప్రధానము. ఏడాది వానలో సగముకంటె ఎక్కువ ఈ మూడు మాసములలోనే పడుతుంది. అప్పుడే తుపానులు కూడ వస్తవి. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపాను అట్టివాటిలో ఒకటి.

చరిత్ర చదివేవారు జిల్లా సరిహద్దులను కూడ గుర్తుంచుకొనవలెను. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు ముఖ్యపట్టణముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఉత్తరపు తాలూకాలు కొన్ని అందులోకి పోయినవి. 2022లో గూడూరు, సూళ్లూరుపేట ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి. అయితే రాళ్లకు, నీళ్లకు ఈ గీతలు తెలియవు. ఈ వ్యాసమున పాత జిల్లా తీరమంతయు ఒకటిగానే తీసుకొనబడినది.

చిరివేరు, నీలిమందు

1625-26 ప్రాంతమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ వారు దుగరాజపట్నమున ఒక వర్తకశాల నెలకొల్పారు. వారు ఆ స్థలమును ఆర్మగాన్ అని పిలిచారు. కోరమండల తీరమున ఆంగ్లేయులు కోట వలె బలపరచుకొన్న మొదటి స్థావరము ఇదే. అప్పటికే దానికి దక్షిణమున పులికాటులో డచ్చివారు కోట కట్టుకొని ఉన్నారు. ఈ రెండు జాతులవారిని ఇక్కడికి లాగినది ముఖ్యముగా రంగుల బట్ట.

ఆ బట్టకు ఎరుపు రంగు ఇచ్చినది చిరివేరు. ఇది ఇసుక నేలలలో పెరిగే చిన్న మొక్క. దాని వేరులో అలిజరిన్ అనే రంగుపదార్థము ఉన్నది. ఉత్త వేరును నీటిలో కాచి బట్టను ముంచితే రంగు నిలువదు. ముందుగా బట్టకు పటిక పట్టించవలెను. పటికలోని అల్యూమినియము, వేరులోని అలిజరిన్, నూలుపోగు ఈ మూడును కలసి గట్టిగా పట్టుకొంటవి. అప్పుడు ఆ ఎరుపు ఎన్ని ఉతుకులకైనను పోదు. ఈ విషయము రసాయనశాస్త్రము పుట్టకముందే మన అద్దకపువారికి అనుభవము చేత తెలుసు. తీరపు ఇసుకలో, శ్రీహరికోట దీవిలో ఈ వేరును త్రవ్వి తెచ్చినవారు చాలవరకు యానాదులు. ఐరోపా సంపన్నుల ఇండ్లలో తెరలుగా వ్రేలాడిన అద్దకపు బట్టల వెనుక వీరి గునపము ఉన్నది.

ఆర్మగానులో కంపెనీ వారికి చాలినంత మంచి బట్ట దొరకలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే మరి కొంత దక్షిణమునకు పోయి, 1639లో మదరాసపట్నము వద్ద స్థలము సంపాదించాడు. మరుసటి సంవత్సరము కంపెనీ కొలువు అక్కడికి మారినది. ఆ స్థలము మహానగరమైనది. దుగరాజపట్నము పల్లెగా మిగిలినది. ఒక రేవు బాగోగులను దాని లోతు ఒక్కటే నిర్ణయించదు. దాని వెనుక ఉన్న నేతగాండ్రు, అద్దకపువారు కూడ నిర్ణయిస్తారు.

తరువాత వచ్చినది నీలిమందు. 19వ శతాబ్దమున నెల్లూరు, కడప ప్రాంతములలో నీలి పైరు విస్తారముగా ఉండేది. కోసిన నీలిమండలను తొట్టిలో నీరు పోసి ఊరవేస్తారు. పులిసిన నీటిని మరొక తొట్టిలోకి దింపి బాగుగా చిలుకుతారు. చిలికినప్పుడు గాలిలోని ఆమ్లజని తగిలి, పచ్చగా ఉన్న నీరు నీలముగా మారుతుంది. అడుగున పేరుకొన్న మడ్డిని కాచి, వడగట్టి, బిళ్లలుగా కోసి ఎండబెట్టి ఎగుమతి చేసేవారు.

ఈ రెండు రంగులకును జర్మనీ దేశపు ప్రయోగశాలలు కాలము చెల్లించినవి. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే శాస్త్రజ్ఞులు బొగ్గుతారు నుండి తీసిన ఆంథ్రసీనుతో అలిజరిన్ తయారుచేశారు. 1897లో జర్మనీలోని ఒక రసాయన కర్మాగారము కృత్రిమ నీలిని అంగడికి తెచ్చినది. చిరివేరు ఇసుకలో పెరుగుతూనే ఉన్నది. నీలిచెట్టు భూమికి విరోధి కాలేదు. కాని రెండును సంపదలు కాకుండ పోయినవి.

ఇట్టి అనుభవము నెల్లూరునకు మాత్రమే కలిగినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున ఉన్న సౌత్ కరోలినా కూడ సముద్రతీరపు రాష్ట్రమే. 18వ శతాబ్దములో దానికి రెండు పంటలు ప్రధానము: వరి, నీలి. 1740 ప్రాంతమున ఎలైజా లూకాస్ అనే యువతి అక్కడ నీలి పండించి చూపినది. బ్రిటిషు ప్రభుత్వము 1748లో దానికి ప్రోత్సాహక బహుమానము ప్రకటించినది. అమెరికా స్వతంత్రమైన తరువాత ఆ బహుమానము ఆగిపోయినది. బ్రిటిషు వర్తకులు నీలికొరకు ఇండియా వైపు తిరిగారు. కరోలినా పోగొట్టుకొన్న దానిని మన దేశము పొందినది. నూరు సంవత్సరముల తరువాత మన దేశము కూడ దానిని జర్మనీ కర్మాగారములకు పోగొట్టుకొన్నది. అక్కడి వరి పొలములు ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసల కష్టము మీద నడిచినవి. 1865లో బానిసత్వము రద్దయినది. తరువాత తుపానులు కట్టలను తెంపినవి. 20వ శతాబ్ది మొదటి దశకములు గడిచేసరికి అక్కడి తీరమున వరి వ్యాపారము అంతరించినది. నెల్లూరు వరి మాత్రము నిలిచినది. దాని కారణము ముందు చూడవచ్చును.

ఉప్పు, కాలువ

సముద్రపు నీరు ఒక లీటరులో సుమారు 35 గ్రాముల లవణములు ఉన్నవి. అందులో మూడు వంతులకు మించి తినే ఉప్పే. కాని నీటిని పూర్తిగా ఎండబెడితే మంచి ఉప్పు రాదు. నీరు ఇగురుతున్న కొద్దీ మొదట సున్నపు లవణములు, జిప్సము అడుగున చేరుతవి. తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియము లవణములు చివరివరకు చేదునీటిలో ఉండిపోతవి. అందుచేత నీటిని ఒక మడి నుండి మరొక మడికి మారుస్తూ, తగిన చిక్కదనమునకు రాగానే ఉప్పు మడిలోకి పెట్టి, చేదునీరు మిగిలినప్పుడు దానిని పారబోస్తారు. ఇసుకపల్లి, కృష్ణపట్నము ప్రాంతములలో ఈ పనికి అన్ని అనుకూలములు ఉన్నవి. చదునైన బంకనేల, పోటు నీరు తెచ్చే పాయలు, వానలు లేని ఆరు నెలల ఎండ.

1805లో మద్రాసు ప్రభుత్వము ఉప్పును తన గుత్త వ్యాపారము చేసుకొన్నది. మడిలో ఉప్పు తీసినవానికి దక్కినది స్వల్పము. కొఠారు దాటిన తరువాత ధర పెరిగేది. ఒడ్డున నివసించే పేదవాడు తన కాలి క్రింద పేరిన ఉప్పును గిల్లి తీసుకొన్నను నేరమే. 1930లో ఉప్పు సత్యాగ్రహము జరిగినప్పుడు నెల్లూరు తీరమున కూడ జనము కదలినది. ఉప్పు పన్ను 1947 ఏప్రిలులో రద్దయినది.

ఈ ఉప్పును, వంటచెరకును మద్రాసుకు చేర్చినది బకింగుహాము కాలువ. 1806లో బేసిల్ కాక్రేన్ అనే వర్తకుడు మద్రాసు నుండి ఎన్నూరునకు త్రవ్వించిన చిన్న కాలువ దీనికి మూలము. 1837లో ప్రభుత్వము దానిని తీసుకొని అంచెలంచెలుగా ఉత్తరమునకు పొడిగించినది. అది పులికాటు సరస్సును దాటి, దుగరాజపట్నము, కృష్ణపట్నముల మీదుగా పెదగంజామునకు చేరి, కృష్ణా కాలువలతో కలసినది. 1876-78 నాటి ధాత కరవులో ఆకలిగొన్న జనము కూలికి త్రవ్వి దానిని మద్రాసు నగరములో పూర్తిచేసినది. అప్పటి గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు దానికి పెట్టారు. పెదగంజాము నుండి తమిళదేశములోని మరక్కాణము వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు.

1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు నడిచినది. అప్పటినుండి కాలువ వెనుకబడినది. 1960 దశకపు తుపానులకు గట్లు తెగి, పూడిక పడి, పడవలు తగ్గిపోయినవి. అయినను 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఈ కాలువ మరొక పని చేసినది. ఒడ్డు దాటిన అలలు చాలచోట్ల కాలువలో పడి బలము కోల్పోయినవి. పడమటి గట్టున ఉన్న పల్లెలకు రక్షణ కలిగినది. కాలువ త్రవ్వినవారు ఈ ప్రయోజనమును ఊహించి ఉండరు.

అభ్రకము

గూడూరు, రాపూరు ప్రాంతపు పిల్లలకు కాకిబంగారము ఆటవస్తువు. నేలమీద తళతళలాడే ఈ పొరల రాయినే శాస్త్రజ్ఞులు అభ్రకము అంటారు. కోటానుకోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున కరిగిన శిలాద్రవము పాత రాళ్ల పగుళ్లలోకి చొచ్చుకొని వచ్చి చల్లబడినది. అందలి స్ఫటికములు పెద్దవిగా పెరిగినవి. ఇట్టి సిరలను పెగ్మటైటులు అంటారు. వాటిలో పలుగురాయి, ఫెల్‌స్పారు, అభ్రకము కలసి ఉంటవి. గూడూరు నుండి ఉత్తరముగా వంద కిలోమీటర్ల వరకు ఈ అభ్రకపు నేల కొడవలి ఆకారమున వ్యాపించి ఉన్నది. ఇనికుర్తి గనిలో పది అడుగుల అడ్డుకొలత గల అభ్రకపు స్ఫటికము బయటపడి ప్రపంచమున ప్రసిద్ధి పొందినది.

నెల్లూరు అభ్రకము లేత ఆకుపచ్చ రంగు గలది. బీహారు గనులలోని అభ్రకము ఎరుపు డాలు గలది. రెండును మస్కొవైటు జాతివే. పొటాషియము, అల్యూమినియము, సిలికా, నీటి అంశ కలసి ఏర్పడినవి. దాని పరమాణువులు పొరలు పొరలుగా అమరి ఉంటవి. పొరలోపల బంధము గట్టిది, పొరకును పొరకును మధ్య బంధము బలహీనము. అందువలననే దానిని కత్తిమొనతో కాగితము కంటె పలుచగా చీల్చవచ్చును. అంత పలుచని రేకు కూడ విద్యుత్తును తన గుండా పోనివ్వదు, వేడికి కాలదు, వంచితే విరగదు. ఈ గుణములన్నియు ఒక్క పదార్థములో ఉండుట అరుదు.

విద్యుత్తు రాకముందు అభ్రకముతో పని తక్కువ. మందులలో, అలంకారములలో, దీపపు గాజులకు బదులుగా కొంత వాడేవారు. ఇంటింటికి విద్యుత్తు వస్తూ ఉండగా, మోటారులకు, డైనమోలకు, తరువాత రేడియోలకు అభ్రకము అత్యవసరమైనది. నెల్లూరులో గనుల పని 1890 దరిదాపుల ఊపందుకొన్నది. భూగర్భ శాస్త్రవేత్త హాలండు 1902లో భారతదేశపు అభ్రక నిక్షేపములను గురించి గ్రంథము ప్రకటించాడు. కలిచేడు, సైదాపురము, తెల్లబోడు, పల్లిమిట్ట ప్రాంతములు గనులకు పేరుపొందినవి. రెండవ ప్రపంచ యుద్ధములో విమానములకు, రేడియో యంత్రములకు అభ్రకము ఎంత అవసరమైనదనగా, 1942లో ఆంగ్లేయులును అమెరికావారును కలసి దానిని కొనుటకే కలకత్తాలో ఒక ప్రత్యేక సంఘమును ఏర్పరచారు.

త్రవ్విన రాతిలో పనికివచ్చే అభ్రకము చాల స్వల్పము. మిగిలినదంతయు గని పక్కన గుట్టలుగా పడేది. గనిలో దొరికిన అట్టలను శాలలకు తెచ్చి, పగిలిన అంచులు కత్తిరించి, చీల్చి, పరిమాణమును బట్టి, మచ్చలను బట్టి వేరుచేసేవారు. చీల్చే పనిలో స్త్రీల నేర్పు గొప్పది. యంత్రము లేకుండ, కొలబద్ద లేకుండ వ్రేళ్లతోనే మందము తెలుసుకొనేవారు. లోపల త్రవ్వేవానికి పలుగురాతి ధూళి ఊపిరితిత్తులలో చేరేది. అట్టి ధూళి వలన వచ్చే వ్యాధికి నేటికిని పూర్తి నివారణ లేదు. కార్మికుల వైద్యము, విద్య, వసతుల కొరకు 1946లో కేంద్ర ప్రభుత్వము అభ్రకపు గనుల కార్మిక సంక్షేమ నిధి చట్టము చేసినది.

యుద్ధము ముగిసిన తరువాత కథ మారినది. 1947లో ట్రాన్సిస్టరు కనుగొనబడినది. క్రమముగా రేడియో వాల్వులు పోయినవి. అభ్రకపు తుక్కును నలగగొట్టి కాగితము వలె చేసే విధానము వచ్చినది. పెద్ద రేకుల అవసరము తగ్గినది. ప్లాస్టికులు కొన్ని పనులకు సరిపోయినవి. 1970 దశకమున ప్రభుత్వము మిట్కో అనే వ్యాపార సంస్థను నెలకొల్పినది. సోవియటు దేశము పెద్ద కొనుగోలుదారు. 1991లో ఆ దేశము విడిపోవుటతో ఆ అంగడియు చెదరినది. గనులు ఒక్కొక్కటిగా మూతపడినవి. వ్రేళ్లతో మందము తెలుసుకొనే నేర్పు గల కుటుంబములు వ్యవసాయ కూలికి, పట్టణములకు పోయినవి.

చిత్రమేమనగా, ఒకప్పుడు పారబోసిన గుట్టలకు తరువాత విలువ వచ్చినది. రంగులలోను, అలంకరణ వస్తువులలోను మెరుపు కొరకు అభ్రకపు పొడి కావలసి వచ్చినది. పలుగురాయి, ఫెల్‌స్పారు గాజుకు, పింగాణికి పనికివచ్చినవి. తీరమున చిల్లకూరు, కోట ప్రాంతముల తెల్లని ఇసుక కూడ గాజు పరిశ్రమకు ముడిపదార్థమైనది. ఆ ఇసుక దిబ్బలే తీరపు పల్లెలకు మంచినీరు దాచే తొట్లు. వాన నీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. దిబ్బను ఎత్తివేసిన చోట ఆ చెలమ కూడ పోతుంది.

పశుసంపద

నెల్లూరు పేరు ప్రపంచమున ఎక్కువగా వినిపించే చోటు బ్రెజిలు దేశము. అక్కడి మాంసపు పశువులలో ఎక్కువ భాగము ‘నెలోరె’ జాతివి. ఇవి మన ఒంగోలు జాతి పశువుల సంతానము. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోనిది గనుక ఆ పేరు వచ్చినది. 1868లో ఇంగ్లండుకు పోతూ ఉన్న ఒక ఓడ బ్రెజిలులోని సాల్వడారు రేవున ఆగినప్పుడు అందలి రెండు ఒంగోలు పశువులు అక్కడ అమ్ముడుపోయినవి. తరువాత మరికొన్ని వెళ్లినవి. అమెరికాలో టెక్సాసు మొదలైన దక్షిణ రాష్ట్రములలో ‘బ్రాహ్మను’ అనే జాతిని తయారుచేసినప్పుడు గుజరాతు పశువులతోపాటు ఈ రక్తమును కూడ కలిపారు.

కారణము వాటి శరీరములోనే ఉన్నది. వదులైన చర్మము, పొట్టి వెండ్రుకలు, బాగుగా పనిచేసే స్వేద గ్రంథులు వేడిని బయటికి పంపుతవి. ఐరోపా పశువులు సోలిపోయే ఎండలో ఇవి మేస్తవి. పిడుదులను కూడ బాగుగా తట్టుకొంటవి. పుట్టిన సీమలో ఇవి నాగలికి, బండికి ఎడ్లు. ట్రాక్టరులు వచ్చిన తరువాత ఆ అవసరము తగ్గి, మేలుజాతి మందలు తరిగిపోయినవి. ఒకే పశువు ఒక దేశమున సంపదగా పెరిగినది, మరొక దేశమున అవసరము తీరి తగ్గినది.

పెన్న నీరు, వరి

పెన్న వానకాలమున వరద, వేసవిలో ఇసుక. ఆ నీటిని నిలువచేయుటకు పూర్వులు చెరువులు త్రవ్వారు. అనంతసాగరము చెరువు, నెల్లూరు చెరువు అట్టివి. 1855 ప్రాంతమున నెల్లూరు వద్ద పెన్నకు ఆనకట్ట కట్టబడినది. 1880 దశకమున సంగము వద్ద మరొక ఆనకట్ట వచ్చినది. ఈ రెండింటి కాలువలతో డెల్టా పచ్చబడినది. సోమశిల జలాశయము 78 టి.ఎం.సి.ల నీరు పట్టేటట్లు కట్టబడినది. నూరు కోట్ల ఘనపుటడుగులను ఒక టి.ఎం.సి. అంటారు. 1983లో ప్రారంభమైన తెలుగు గంగ పథకము కృష్ణా నీటిని సోమశిల, కండలేరు జలాశయముల మీదుగా మద్రాసుకు చేర్చినది. ఆ నీరు 1996లో ఆ నగరమునకు అందినది. ఒకప్పుడు కట్టెలు పంపిన సీమ ఇప్పుడు నీరు పంపుతున్నది. 2022లో నెల్లూరు, సంగము వద్ద పాత ఆనకట్టల స్థానమున కొత్త బ్యారేజీలు ప్రారంభింపబడినవి.

ఈ సీమలో పేరెన్నికగన్న పాత వరి మొలకొలుకులు. ఇది దీర్ఘకాలపు పంట. ఈశాన్యపు వానలలో పెరిగి, వానలు వెనుదీసిన పిమ్మట పండుతుంది. ఆ కాలపు మంచు, తేమ, చల్లదనము అగ్గితెగులు శిలీంధ్రమునకు కూడ అనుకూలము. అందుచేత ఈ తెగులు నెల్లూరు రైతునకు చిరకాల శత్రువు. 1937లో నెల్లూరున వరి పరిశోధన కేంద్రము ఏర్పడినది. తెగులును తట్టుకొనే వంగడములను ఏరి, సంకరము చేసి రైతులకు ఇచ్చుట దాని ముఖ్యకార్యము. ‘నెల్లూరు మసూరి’ అని పేరుపొందిన వంగడము అక్కడిదే.

కరోలినా వరి పోయి నెల్లూరు వరి నిలుచుటకు కారణము ఇక్కడ తెలుస్తుంది. అక్కడ వరి దూరపు అంగడి కొరకు, బలవంతపు చాకిరితో పండినది. ఇక్కడ మొదట పండించినవారి కంచములోకి వచ్చి, తరువాత అంగడికి పోయినది. తినేవారు చుట్టుపట్లనే ఉన్నందున దాని అవసరము ఏ ప్రయోగశాల వలనను తీరిపోలేదు. పైగా చెరువు, ఆనకట్ట, విత్తనము, పరిశోధన అను నాలుగింటిని తరతరములుగా మరమ్మతు చేసుకొంటూ వచ్చారు.

రొయ్య

1980 దశకపు చివర జపాను, ఐరోపా, అమెరికా అంగళ్లలో టైగరు రొయ్యకు గొప్ప ధర వచ్చినది. కండలేరు పాయ ఒడ్డున చెరువులు త్రవ్వబడినవి. పొలములు, ఉప్పు కయ్యలు, బీడులు చెరువులైనవి. కొన్ని పంటలకు లాభము చెప్పలేనంతగా వచ్చినది. పాయ ఒక్కటే, దాని నీటినే అందరును పెట్టుకొనవలెను, వాడిన నీటిని అందులోకే వదలవలెను. 1994లో వైరసు వ్యాధి వచ్చినప్పుడు ఒక చెరువులోని రోగము నీటితోపాటు ప్రక్క చెరువుకు పాకినది. తెల్లమచ్చల వ్యాధి సోకిన చెరువులో రొయ్య కొద్ది దినములలోనే చచ్చిపోతుంది. అప్పు చేసి త్రవ్విన చెరువులు ఎండిపోయినవి. చెరువుల చుట్టుప్రక్కల మంచినీటి బావులు ఉప్పగిలినవి.

1996 డిసెంబరులో సుప్రీం కోర్టు తీరపు నియంత్రణ ప్రాంతములలో రొయ్యల చెరువులను నిషేధిస్తూ తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు తీరపు జలచరముల పెంపకమునకు ప్రత్యేక చట్టము చేసి, ఒక అధికార సంస్థను నియమించినది. 2009 నుండి పసిఫికు మహాసముద్రపు జాతియైన వన్నామి రొయ్య వచ్చినది. వ్యాధి లేని తల్లి రొయ్యలను పరీక్షించి తెచ్చుట, నీటిని శుద్ధిచేసుకొనుట మొదలైన పద్ధతులతో ఈ పరిశ్రమ మరల నిలబడినది. చిరివేరును ముంచినది దూరదేశపు ప్రయోగశాల. రొయ్యను మొదటిసారి ముంచినది ఇక్కడి నీటి నిర్వహణయే. ఈ భేదము గమనింపదగినది.

పులికాటు, శ్రీహరికోట

తెలుగువారు ప్రళయకావేరి అని పిలిచే పులికాటు సరస్సు మన దేశములోని ఉప్పునీటి సరస్సులలో చిలకా తరువాత పెద్దది. నదుల మంచినీరు, సముద్రపు ఉప్పునీరు అందులో కలుస్తవి. ఆ కలయిక వలననే రొయ్య, పీత, చేప సమృద్ధిగా పెరుగుతవి. అక్కడ గులాబి రంగు కాళ్లు చాచి రాజహంసలు దిగుతవి. సమీపములోని నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతవి. 1976లో నేలపట్టు పక్షుల రక్షితప్రదేశముగా ప్రకటింపబడినది. సముద్రపు ముఖద్వారములు ఇసుకతో పూడుకొనిపోతే సరస్సు లోతు తగ్గి, వేసవిలో ఉప్పదనము హెచ్చి, చేపయు పక్షియు తగ్గుతవి. ముందుగా నష్టపోయేవాడు జాలరి.

సరస్సునకు, సముద్రమునకు నడుమ ఉన్న ఇసుక దీవి శ్రీహరికోట. 1835లో మద్రాసు ప్రభుత్వము దానిని తీసుకొన్నది, నగరమునకు వంటచెరకు కొరకు. యానాదులు అక్కడ చిరివేరు, తేనె, కట్టెలు సేకరించి బ్రతికేవారు. 1969లో అదే దీవిని రాకెట్లు ప్రయోగించుటకు ఎంపిక చేశారు. భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుతున్నది. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట ఆ వేగము ఎక్కువ. తూర్పునకు వదలిన రాకెట్టుకు ఆ వేగము ఊరకనే లభిస్తుంది. తూర్పున సముద్రమే గనుక విడిపోయిన భాగములు జనుల మీద పడవు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు, 1980 జులై 18న భారతదేశపు మొదటి విజయవంతమైన ఉపగ్రహ ప్రయోగము అక్కడినుండి జరిగినవి. దీవిలోని కుటుంబములు తమ నివాసములను విడిచి కదలవలసి వచ్చినది.

అక్షాంశము, తూర్పు సముద్రము అనాదినుండి అక్కడనే ఉన్నవి. 1969కి పూర్వము వాటిని ఎవరును సంపద అనుకొనలేదు. కృష్ణపట్నపు లోతైన నీరు కూడ అట్టిదే. పాత రేవు నిద్రించిన చోట 2008లో పెద్ద ఓడల రేవు తెరువబడినది, దాని దాపున బొగ్గుతో విద్యుత్తు తీసే కేంద్రములు వచ్చినవి.

ఈ సీమ చరిత్ర ఇచ్చే లెక్క ఇది. చిరివేరు, నీలి, అభ్రకము దూరపు అంగడిని నమ్ముకొన్నవి. అంగడి మారగానే పోయినవి. వేరు త్రవ్వినవానికి, రేకు చీల్చినదానికి ఆ మార్పు ముందుగా తెలియలేదు, వేరొక పని చూపబడలేదు. చెరువు, ఆనకట్ట, విత్తనము నిలిచినవి. తుక్కుగుట్ట, పూడిన కాలువ, ఇసుక దీవి కొత్త జ్ఞానము కలిగినప్పుడు కొత్త విలువ పొందినవి. గూడూరు ప్రాంతమున నేటికిని వాన కురిసి వెలిసిన ఉదయమున నేల తళతళలాడుతుంది. అది మరల ఎప్పుడు, ఎవరికి, ఎందుకు కావలసి వస్తుందో రాయి చెప్పదు. ఆ సమయమునకు దానిని ఎరిగిన మనుష్యులు ఇక్కడ ఉండవలెను.